కోవిడ్ సాయంలో నర్సరీల లెక్క ఎక్కడ తప్పిపోయింది?

2025 వేసవిలో చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామని ప్రభుత్వం చెప్పింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. ఆ ఎనిమిదీ అందరికీ సరిగ్గా అందాయా లేదా అన్న గొడవ వేరే. సాయం అన్న మాట వినబడినప్పుడల్లా మామిడి అంట్లు అమ్మేవాళ్ల దగ్గర, టమాటా నారు పెంచేవాళ్ల దగ్గర ఓ పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది. కరోనాలో రైతులకు డబ్బులు పడ్డాయి కదా, మా నర్సరీలకు ఎందుకు పడలేదు? పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలోనైతే దీనికి ఇంకో మాట తోడవుతుంది: అక్కడ మొక్కలమ్మేవాళ్లకు కూడా డాలర్లు ఇచ్చారట!

రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే మన దగ్గర పడిన డబ్బు, అక్కడ పడిన డబ్బు ఒకే రకం కాదు. ఏ డబ్బు దేన్ని చూసి ఇచ్చారో విడదీస్తే నర్సరీ ఎక్కడ జారిపోయిందో కనిపిస్తుంది.

సాయం దేన్ని చూసి ఇస్తారు?

ప్రభుత్వం రైతుకు డబ్బు ఇవ్వాలంటే ముందు ఒక కొలత ఎంచుకోవాలి. భూమి ఎవరి పేరున ఉందో చూసి ఇవ్వొచ్చు. ఏ పంట ఎన్ని ఎకరాల్లో ఉందో చూసి ఇవ్వొచ్చు. ఎంత అమ్మకం పోయిందో లెక్కగట్టి ఇవ్వొచ్చు. ఇవేవీ కాకుండా అప్పు కట్టడానికి గడువు ఇచ్చి ఊరుకోవచ్చు. మన భాషలో అన్నిటికీ సాయమనే పేరు. కానీ ఒక్కో కొలతకు ఒక్కో కాగితం కావాలి: మొదటిదానికి పట్టాదారు పాస్‌బుక్, రెండోదానికి పంట నమోదు, మూడోదానికి అమ్మకాల బిల్లులు, నాలుగోదానికి బ్యాంకు ఖాతా.

టమాటా రైతు దగ్గర వీటిలో రెండు మూడైనా ఉంటాయి. చాలా నర్సరీల దగ్గర మొదటిదీ చివరిదీ తప్ప మిగతావి ఉండవు. ఇక్కడినుంచే చిక్కు మొదలవుతుంది.

2020లో మన ఖాతాల్లో పడింది కొత్త డబ్బేనా?

2020 మార్చి 26న కేంద్రం గరీబ్ కళ్యాణ్ ప్యాకేజీ ప్రకటించింది. అందులో రైతుల వాటా ఏమిటంటే, పీఎం కిసాన్ కింద ఎలాగూ ఇవ్వాల్సిన 2,000 రూపాయల విడతను ఏప్రిల్ మొదట్లోనే వేస్తామనడం. దేశమంతా 8.7 కోట్ల మందికి అన్నారు. ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో ఇచ్చే ఈ పథకం కరోనాకు ముందే, 2019 ఫిబ్రవరిలో మొదలైంది. అంటే వచ్చింది ముందుగా వచ్చింది, అదనంగా రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు భరోసా కూడా అంతే. 2019 అక్టోబరులో మొదలైన ఆ పథకం ఏడాదికి 13,500 రూపాయలు. అందులో 6,000 కేంద్రానివి, 7,500 రాష్ట్రానివి. 2020 మే 15న రాష్ట్రం 5,500 వేసింది. ఏప్రిల్‌లో పడిన 2,000తో కలిపితే ఖరీఫ్‌కు ముందు రైతు చేతికి 7,500 వచ్చింది. లాక్‌డౌన్‌లో ఆ డబ్బు అక్కరకొచ్చిందన్నది నిజం, విత్తనాలకో ఇంటి సరుకులకో పనికొచ్చింది. కానీ దానికీ లాక్‌డౌన్ నష్టానికీ లెక్కలో సంబంధం లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పలమనేరు దగ్గర ఒకాయనకు నాలుగెకరాల టమాటా ఉంది. పక్కనే ఇంకొకాయనకు అరెకరంలో షేడ్‌నెట్ (నీడ వల) నర్సరీ ఉంది. ఇద్దరికీ సొంత పాస్‌బుక్ ఉంది, ఇద్దరూ ఆదాయపు పన్ను కట్టరు. 2020 మే నెలాఖరుకు ఇద్దరికీ పడింది అదే 7,500. నాలుగెకరాలాయనకు ఎక్కువా రాలేదు, నర్సరీ ఆయనకు తక్కువా రాలేదు. కాబట్టి నర్సరీలకు ఏమీ పడలేదనడం పూర్తిగా సరికాదు. సొంత భూమి ఉన్న నర్సరీ యజమానికి పడింది, అయితే భూమి ఉన్న మనిషిగా పడింది. ఆయన షెడ్‌లో ఏం పాడైందో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పథకం అది కాదు కూడా.

ఇప్పుడు మూడో మనిషిని చూద్దాం. అదే అరెకరం గుత్తకు తీసుకుని నారు పెంచుతున్నాడు. పీఎం కిసాన్ కౌలుదారుకు రాదు, భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. అప్పటి రాష్ట్ర పథకంలో కౌలుదారుకు చోటుండేది, కానీ భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకే. అదీ పంట సాగు హక్కు పత్రం ఉంటేనే. 2019 చట్టం ప్రకారం ఆ పదకొండు నెలల పత్రం మీద భూయజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద రేపేదైనా హక్కు అడుగుతాడేమోనన్న భయంతో చాలామంది యజమానులు వెనకాడతారు. చట్టం మాత్రం అలాంటి హక్కేదీ రాదనే చెబుతుంది. భయం చట్టం చదివి రాదు కదా. ఫలితంగా, షెడ్ వేసి పెట్టుబడి పెట్టినవాడికి సున్నా, భూమి ఇచ్చి గుత్త వసూలు చేసుకున్నవాడికి 7,500.

నర్సరీలో నష్టం ఎలా ఉంటుంది?

లాక్‌డౌన్ 2020 మార్చి 25న మొదలైంది. రెండు రోజుల్లోనే వ్యవసాయ పనులకు మినహాయింపు ఇచ్చారు. పొలంలోకి వెళ్లొద్దని ఎవరూ అనలేదు, దెబ్బ తగిలింది కొనేచోట. తిరుమలలో దర్శనాలు మార్చి 20 నుంచి ఆపేశారు, జూన్ 8న ప్రయోగాత్మకంగా మళ్లీ మొదలయ్యాయి. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. చెన్నైలోని కోయంబేడు మార్కెట్‌లో కేసులు పెరిగి మే 5న మూసేశారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో బంతి, చామంతి, కనకాంబరం వేసేవాళ్లకు గుడి, పెళ్లి, చెన్నై, బెంగళూరు ఇవే మార్కెట్. అన్నీ ఒకేసారి మూతపడ్డాయి. పూలకు ధర లేదంటే రైతు మళ్లీ నారు వేయడు. అంటే దెబ్బ రైతుకు తగిలిన కొన్నాళ్లకు నర్సరీకి చేరుతుంది.

చేరాక ఏం జరుగుతుందంటే, టమాటా నారును 98 గుంతల ప్లాస్టిక్ ట్రేల్లో (ప్రోట్రేలు) కొబ్బరి పొట్టు నింపి పెంచుతారు. 25 నుంచి 30 రోజుల్లో నారు నాటడానికి సిద్ధం. ఆ వారం పది రోజుల్లో రైతు వచ్చి తీసుకెళ్లకపోతే కాడ సాగిపోతుంది, వేర్లు గుంతలోనే చుట్టుకుంటాయి, ఆకు అడుగునుంచి పండుతుంది. అలాంటి నారును ఉచితంగా ఇచ్చినా తీసుకోరు. ట్రేలు దులిపి, కడిగి, ఆరబెట్టి పెట్టుకోవడమే. పొలంలో పంట పోతే తహసీల్దారు ఆఫీసు నుంచో వ్యవసాయ శాఖ నుంచో ఎవరో ఒకరు వచ్చి చూడటానికి చేలో ఏదో మిగిలి ఉంటుంది. ఇక్కడ పది రోజులకు కడిగిన ట్రేలు తప్ప సాక్ష్యం ఉండదు.

ఇంతకీ ఆ నష్టం ఎవరిది? లక్ష మొక్కలు, లెక్క సులువుగా ఉండటానికి మొక్క రూపాయి అనుకుందాం. రైతు 20,000 అడ్వాన్సు ఇచ్చి రాలేదు. విత్తనం నర్సరీవాళ్లదే అయితే మిగతా 80,000 నర్సరీకి పోయినట్టు. కానీ చాలాచోట్ల హైబ్రిడ్ విత్తనం రైతే కొనిస్తాడు, నర్సరీ పెంపకం కూలి మాత్రమే తీసుకుంటుంది. అప్పుడు విత్తనం డబ్బు రైతుకు పోయింది, పెంపకం ఖర్చు నర్సరీకి పోయింది. ఒకే ట్రేలో ఇద్దరి నష్టం. పైనుంచి చూసే అధికారి దీన్ని ఏ కాలమ్‌లో రాయాలి?

మామిడి అంటు మొక్కది ఇంకో రకం. వానలు పడ్డాక జూన్ నుంచి దాని అమ్మకాలు. ఆ సీజన్‌లో పోకపోతే మొక్క చావదు. పెద్ద కవర్‌లోకి మార్చి, ఏడాదిపాటు నీళ్లు పెట్టి, కూలి ఇచ్చి సాకాలి. మరుసటి ఏడు ముదురు మొక్కగా ఎక్కువ ధరకు కూడా పోవచ్చు. మరి అమ్ముడుపోని అంటు నష్టమా, స్టాకా? నర్సరీల సాయం గురించి ఏ దేశంలో లెక్క వేసినా మెడకు చుట్టుకునేది ఈ ప్రశ్నే.

అమెరికాలో ఇచ్చింది నష్టపరిహారమా?

అక్కడి వ్యవసాయ శాఖ 2020 ఏప్రిల్‌లో కరోనావైరస్ ఆహార సహాయ కార్యక్రమం పేరుతో 1,600 కోట్ల డాలర్లు ప్రకటించింది. మే 26 నుంచి దరఖాస్తులు తీసుకుంది. మొదటి జాబితాలో నర్సరీ మొక్కలు, కోసి అమ్మే పూలు లేవు. ఏ పంటలు వదిలేశామో చెప్పమని అభిప్రాయాలు అడిగి, ఆగస్టులో వాటిని చేర్చారు. దరఖాస్తు గడువు సెప్టెంబరు 11 వరకు పెంచారు.

ఆ తొలి విడతలో కొలత కాస్త గట్టిదే. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 మధ్య పంపించాక పాడైపోయిన, లేదా డబ్బు రాని సరుకు విలువలో 15.55 శాతం. కొనే దారి పూర్తిగా మూసుకుపోయి గేటు దాటని సరుకు విలువలో 13.45 శాతం. అయితే తర్వాత అమ్ముకోగల సరుకును అందులో కలపకూడదు. మన తోతాపురి అంటును అక్కడ ఊహించుకుంటే, పెద్ద కవర్‌లోకి మారిన మొక్కకు పైసా రాదు. దులిపేసిన టమాటా నారుకు వస్తుంది.

సెప్టెంబరులో మొదలైన రెండో విడతలో ఈ తలనొప్పంతా తీసి పక్కన పెట్టారు. నర్సరీలకు 2019 అమ్మకాలే కొలత. తొలి 50,000 డాలర్ల దాకా 10.6 శాతం, ఆపై లక్ష దాకా 9.9, ఆపై ఐదు లక్షల దాకా 9.7, ఇలా తగ్గుతూ పది లక్షలు దాటిన మొత్తానికి 8.8 శాతం.

2019లో 1,20,000 డాలర్లు అమ్మిన నర్సరీకి ఎంతొస్తుందో చూద్దాం. మొదటి 50,000 మీద 5,300. తర్వాతి 50,000 మీద 4,950. మిగిలిన 20,000 మీద 1,940. మొత్తం 12,190 డాలర్లు. అప్పటి మారకంలో సుమారు తొమ్మిది లక్షల రూపాయలు. మన 7,500 పక్కన పెడితే గుండె గుభేలుమంటుంది. కాకపోతే అది దాదాపు 89 లక్షల రూపాయల అమ్మకాలున్న నర్సరీ అన్నది మరిచిపోకూడదు.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఈ రెండో విడతలో నర్సరీ 2020లో నష్టపోయిందా లేదా అని ఎవరూ అడగలేదు. ఇళ్లలో కూర్చున్న అమెరికా జనం ఆ ఏడాది పెరటి తోటల మీద పడ్డారు, చాలా నర్సరీల్లో మొక్కలు చాలలేదు. అలా బాగా అమ్మినవాళ్లకూ 2019 లెక్క ప్రకారం డబ్బు వచ్చింది. అక్కడ నష్టానికి ఇచ్చారు, ఇక్కడ ఇవ్వలేదు అనే పోలిక అందుకే సగమే నిలుస్తుంది. ఇక్కడ భూమి చూసి ఇచ్చారు, అక్కడ రెండోసారి గడిచిన ఏడాది అమ్మకం చూసి ఇచ్చారు. అమ్మకం ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ డబ్బు. ఒక మనిషికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు అని పరిమితి పెట్టినా, పెద్దవాళ్లకే మేలు జరిగిందన్న విమర్శ అక్కడా ఉంది. అందులో మంచిదొకటి చెప్పుకోవాలంటే, గుత్తకు చేసేవాడైనా పంట మీద నష్టభయం తనదైతే అర్హుడే. భూమి పత్రం అడ్డురాలేదు.

సరిహద్దు అవతల ఇంకో పద్ధతి

అమెరికా దాకా పోనక్కర్లేదు. పలమనేరు దాటి ముళబాగిలు వైపు వెళ్తే మూడో కొలత కనిపిస్తుంది. 2020 మే 6న కర్ణాటక ప్రకటించిన 1,610 కోట్ల ప్యాకేజీలో పూల రైతులకు హెక్టారుకు 25,000 రూపాయలు, గరిష్ఠంగా ఒక హెక్టారుకు అన్నారు. 2021లో రెండో వేవ్‌లో హెక్టారుకు 10,000 అన్నారు.

ఎకరం అంటే సుమారు 0.4 హెక్టారు. సరిహద్దుకు అవతల ఎకరం చామంతి ఉన్న రైతుకు 2020లో దాదాపు 10,000 రూపాయలు లెక్క తేలుతుంది. ఇవతల వీ.కోట వైపు అదే పువ్వు, అదే బెంగళూరు మార్కెట్, అదే నష్టం ఉన్న రైతుకు రైతు భరోసా విడతే. మన ప్రభుత్వం ఎంచుకున్న దారి వేరు: టమాటా, అరటి లాంటివాటిని మార్కెట్‌లో దిగి కొనడం. ఆ దారిలో టమాటా రైతుకు ఊతం దొరుకుతుంది. పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, దాన్ని కొని ప్రభుత్వం ఏం చేసుకుంటుంది? నారూ అంతే. కేంద్రం 2020లో పండ్లు, కూరగాయల రవాణాకు, నిల్వకు 50 శాతం సబ్సిడీ తెచ్చినా అందులోనూ నారుకు చోటు లేదు.

కర్ణాటక పద్ధతిలో నర్సరీలకు ఒరిగిందేమిటంటే, అక్కడా పెద్దగా లేదు. ఎకరాల లెక్క పొలంలో పూసే పువ్వుకు సరిపోతుంది. అరెకరం షెడ్‌లో ఏడాదికి ఏడెనిమిది సార్లు నారు తీసేవాడికి అరెకరం అన్న అంకె ఏమీ చెప్పదు.

విపత్తు సాయం కింద పెట్టుబడి రాయితీ అడగొచ్చు కదా అంటారు కొందరు. అది కరవు, వరద, తుపాను లాంటివాటివల్ల పంట 33 శాతం లేదా అంతకుమించి దెబ్బతింటే ఇచ్చేది. పంట నిక్షేపంగా ఉండి కొనేవాడు లేకపోవడం ఆ నిబంధనల్లో లేదు. కోవిడ్‌ను 2020 మార్చిలో విపత్తుగా గుర్తించినా, ఆ నిధిని వాడుకోనిచ్చింది క్వారంటైన్, పరీక్షల లాంటి పనులకే. పంటల బీమా సంగతీ అంతే, ధర పడిపోతే బీమా రాదు.

అప్పు గడువు, 527 రూపాయల కథ

అందరికీ అందిన వెసులుబాటు మారటోరియం. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు కంతులు కట్టకుండా ఆగొచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. పంట రుణాలకూ వర్తించింది. గడువు మాత్రమే ఇచ్చారు, వడ్డీ ఆగలేదు. షేడ్‌నెట్ కోసం తీసుకున్న అప్పు ఐదు లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుంటే, ఆరు నెలలకు బారువడ్డీ 25,000. నెలనెలా చక్రవడ్డీ వేస్తే సుమారు 25,527.

తర్వాత, అక్టోబరులో కేంద్రం రెండు కోట్ల లోపు కొన్ని రకాల అప్పులకు ఆ చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడాను తానే భరిస్తానంది. మన ఉదాహరణలో తేడా 527 రూపాయలు. ఆ 527 కూడా అందరికీ కాదు. చిన్న పరిశ్రమలు, ఇల్లు, కారు, క్రెడిట్ కార్డు బాకీలు జాబితాలో ఉన్నాయి. పంట రుణాలు, ట్రాక్టర్ రుణాలు లేవు. ఒకే రకం షెడ్, ఒకే మొత్తం అప్పు. బ్యాంకు దాన్ని చిన్న వ్యాపారం పద్దులో రాసి ఉంటే 527 వచ్చింది, వ్యవసాయం పద్దులో రాసి ఉంటే రాలేదు. క్రెడిట్ కార్డు మీద ఫ్రిజ్ కొన్నవాడికి ఉన్న పాటి దయ పంట అప్పు మీద లేకపోయింది. పంట రుణాలకు వడ్డీ రాయితీ వేరుగా ఉందన్నది ప్రభుత్వ వాదన. అదీ నిజమే. కానీ షెడ్ కోసం తీసుకున్న దీర్ఘకాలిక అప్పుకు ఆ రాయితీ అందదు.

వ్యవసాయమని చట్టం ఒప్పుకుంది, అక్కడే కాగితం మాయమైంది

నర్సరీని వ్యవసాయంగా చూడరు కాబట్టే ఇలా జరిగిందని చాలామంది అనుకుంటారు. పన్ను చట్టం దీనికి పూర్తిగా ఎదురు చెబుతుంది. నర్సరీలో పెంచిన మొక్కల మీద, నారు మీద వచ్చే ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే లెక్కించాలని 2008 ఫైనాన్స్ చట్టం తేల్చి చెప్పింది. అంతకుముందు మొక్క నేలలో పెరిగిందా, కుండీలో పెరిగిందా అని కోర్టుల్లో వాదనలు నడిచేవి. జీఎస్‌టీలోనూ బతికున్న మొక్కల మీద పన్ను సున్నా.

మేలే జరిగింది, సందేహం లేదు. కానీ పన్ను లేదు కాబట్టి రిటర్న్ లేదు. జీఎస్‌టీ లేదు కాబట్టి బిల్లు కొట్టే అవసరం లేదు. రైతు డబ్బిచ్చి ట్రేలు ఆటోలో వేసుకుని పోతాడు, అమ్మకం ఒక పాత డైరీలో పెన్సిల్ గీతగా మిగులుతుంది. అమెరికా తరహాలో గత ఏడాది అమ్మకం చూపించండి, పది శాతం ఇస్తామంటే మన నర్సరీల్లో ఎంతమంది చూపించగలరు? అక్కడ కూడా ముందు సొంత ధ్రువీకరణతోనే డబ్బిచ్చారు, పత్రాలు తర్వాత తనిఖీలో అడిగారు. అడిగితే చూపించడానికి వాళ్ల దగ్గర పన్ను లెక్కలున్నాయి.

ఇక ఏ పద్ధతి మేలన్న వాదనకొస్తే, రెండు వైపులా బలముంది. భూమి చూసి ఇస్తే పంపిణీ వేగం. ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు, మధ్యవర్తికి చోటు తక్కువ, లాక్‌డౌన్ లాంటి సమయంలో అధికారి వచ్చి చూసే అవకాశమే లేనప్పుడు అదొక్కటే సాధ్యం. అలా అనేవాళ్ల మాట కొట్టిపారేయలేం. నష్టం చూసి ఇస్తే న్యాయం దగ్గరగా ఉంటుంది, కానీ లెక్క తేలేసరికి సీజన్ దాటిపోతుంది, కాగితం బాగా పెట్టుకున్న పెద్దవాళ్లే ముందు నిలబడతారు. నాకు కనిపించేదేమిటంటే, మొదటి పద్ధతిని తొలి నెలకు వాడి అక్కడే ఆపేయడమే మన దగ్గర జరిగింది. రైతు భరోసా స్థానంలో వచ్చిన అన్నదాత సుఖీభవ కూడా ఏడాదికి 20,000 అయినా కొలత మారలేదు. కేంద్రం 6,000, రాష్ట్రం 14,000, మూలం మళ్లీ భూమి రికార్డే.

తోతాపురి నాలుగు రూపాయలు ఇంత తేలిగ్గా లెక్కకొచ్చాయంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర తూకం చీటీ ఉండటం వల్లే. నర్సరీకి అలాంటి చీటీ రావాలంటే ఉద్యాన శాఖ దగ్గర నమోదై, ఏ బ్యాచ్ నారు ఎప్పుడు పోశారో, ఎవరికి అమ్మారో పుస్తకం రాయాలి. ఈ మాటంటే వెంటనే వచ్చే భయం పన్ను గురించి. తాను పెంచిన మొక్క అమ్మినంతవరకు 2008 సవరణ కాపాడుతుంది, పుస్తకం రాసినా రాయకపోయినా. చిక్కు ఇంకోచోట ఉంది. తిరుపతి రోడ్ల పక్క నర్సరీల్లో చాలా మొక్కలు తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి లారీలో దిగి, రెండు వారాలు నీడలో ఉండి అమ్ముడవుతాయి. అది పెంపకం కాదు, కొని అమ్మడం. దానికి వ్యవసాయ ఆదాయం మినహాయింపు వర్తించదు, రేపు పెంపకందారులకని ఏ సాయం వచ్చినా అదీ వర్తించకపోవచ్చు. ఒకే గేటు లోపల, ఒకే షేడ్‌నెట్ కింద, సొంతంగా కట్టిన మామిడి అంట్లు ఒక వరుస, కడియం గులాబీలు ఇంకో వరుస ఉంటాయి. అమ్మకాల లెక్క రాయడం మొదలైతే మొదట విడదీయాల్సింది ఆ రెండు వరుసలనే.